అమెరికాలో రిటైరైనవారికి స్టాండర్డ్ డిడక్షన్: వయసు, అంధత్వం వల్ల వచ్చే అదనపు తగ్గింపుపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పనిచేసి రిటైరైన తెలుగువారికీ, పిల్లల దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వచ్చి స్థిరపడిన తల్లిదండ్రులకూ ఫెడరల్ ఆదాయపు పన్నులో వయసు వల్ల ఒక తగ్గింపు, చూపు బాగా దెబ్బతిన్నందువల్ల మరొక తగ్గింపు వస్తాయి. వయసు వల్ల వచ్చేది పుట్టిన తేదీని బట్టి తేలుతుంది కనుక చాలామందికి అందుతూనే ఉంది. చూపు వల్ల వచ్చేది మాత్రం ఎవరో ఒకరు పూనుకుని రిటర్ను ఫారంలోని గడిలో టిక్కు పెడితే తప్ప రాదు. అర్హత ఉన్న పెద్దవారు దానిని ఏళ్ల తరబడి వదులుకోవడం బాధ కలిగించే విషయం కాబట్టి ఈ పేజీలో దానికి ఎక్కువ చోటిచ్చాము. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప, ఇక్కడి అంకెలన్నీ 2025 పన్ను సంవత్సరానివి, అంటే 2026లో దాఖలు చేసే రిటర్నుకు వర్తించేవి.

స్టాండర్డ్ డిడక్షన్ అంటే ఏమిటి? ఇండియాలో పెన్షనర్లకు ఇచ్చేదీ ఇదీ ఒకటేనా?

ఒకటి కావు. ఇండియాలో స్టాండర్డ్ డిడక్షన్ జీతం లేదా పెన్షన్ నుంచి మాత్రమే తీసివేసే మొత్తం. కొత్త విధానంలో 75,000 రూపాయలు, పాత విధానంలో 50,000 రూపాయలు. అమెరికాలో అయితే పెన్షన్, వడ్డీ, ఐఆర్ఏ (రిటైర్మెంటు కోసం దాచుకునే ఖాతా) నుంచి తీసుకున్న సొమ్ము, ఇండియాలోని ఇంటి అద్దె వంటివన్నీ కలిపి తేలిన సవరించిన స్థూల ఆదాయం నుంచి దీనిని తీసివేస్తారు. మిగిలినదాని మీదే పన్ను పడుతుంది. ఖర్చులకు రసీదులు చూపనవసరం లేదు. 65 ఏళ్లు నిండినవారికీ, చట్టం నిర్వచించిన మేరకు చూపు లేనివారికీ ఈ మొత్తం పెరుగుతుంది.

2025కు ఎవరికి ఎంత?

ఒంటరిగా రిటర్ను వేసేవారికి మూల మొత్తం 15,750 డాలర్లు, ఉమ్మడిగా వేసే దంపతులకు 31,500, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా (పెళ్లి బంధంలో లేకుండా, తమపై ఆధారపడినవారి ఇంటి ఖర్చు మోసేవారుగా) వేసేవారికి 23,625. దీని మీద వయసుకు ఒకసారి, అంధత్వానికి ఒకసారి అదనపు మొత్తం కలుస్తుంది. పెళ్లి కానివారికి, విడాకులు తీసుకున్నవారికి, భార్యను లేదా భర్తను కోల్పోయి ఒంటరిగా వేసేవారికి ఒక్కో కారణానికి 2,000 డాలర్లు. వివాహితులకు ఒక్కో మనిషికి, ఒక్కో కారణానికి 1,600 డాలర్లు.

2026 పన్ను సంవత్సరానికి మూల మొత్తాలు 16,100, 32,200, 24,150 డాలర్లుగానూ, అదనపు మొత్తాలు 2,050, 1,650 డాలర్లుగానూ పెరిగాయి. ధరల పెరుగుదలను బట్టి ఇవి ఏటా మారతాయి కనుక నిరుటి రిటర్ను చూసి అదే అంకె వేయకూడదు.

రెండు కారణాలూ ఒకే మనిషికి ఉంటే రెండూ కలుస్తాయా?

కలుస్తాయి. ఫెడరల్ రిటర్ను పత్రమైన ఫారం 1040లో స్టాండర్డ్ డిడక్షన్ దగ్గర నాలుగు గడులు ఉంటాయి: మీ వయసుకు ఒకటి, మీ చూపుకు ఒకటి, మీ భార్య లేదా భర్త వయసుకు ఒకటి, వారి చూపుకు ఒకటి. ఎన్ని గడులకు టిక్కు పడితే అన్నిసార్లు అదనపు మొత్తం కలుస్తుంది.

భర్తను కోల్పోయి ఒంటరిగా ఉంటున్న 70 ఏళ్ల ఆవిడకు గ్లకోమా (నీటికాసులు) వల్ల చూపు పోయిందనుకుందాం. ఆమెకు 15,750కి 2,000, మరో 2,000 కలిసి 19,750 డాలర్లు అవుతుంది. దంపతులిద్దరికీ 65 దాటి, ఒకరికి చూపు లేకపోతే మూడు గడులు పడతాయి. 31,500కి 4,800 కలిపితే 36,300 డాలర్లు. అంధత్వపు గడికి వయసుతో పనిలేదు. 58 ఏళ్లకే చూపు పోయి ముందుగా రిటైరైన వ్యక్తికి వయసు గడి పడకపోయినా చూపు గడి పడుతుంది.

డిసెంబరు 31 నాటికి 65 నిండాలా? జనవరి 1న పుట్టినవారి సంగతేమిటి?

పుట్టినరోజుకు ముందు రోజే ఆ వయసు నిండినట్టు అమెరికా పన్ను చట్టం లెక్కిస్తుంది. అందువల్ల 1961 జనవరి 1న పుట్టినవారికి 2025 డిసెంబరు 31 నాటికే 65 ఏళ్లు నిండినట్టు. ఫారంలో "1961 జనవరి 2కు ముందు పుట్టినవారు" అని ఉండటానికి కారణం ఇదే. ఏప్రిల్ 1న పుట్టినవారికి మార్చి 31నే వయసు నిండినట్టు భావించాలని ఇండియాలో సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు) 2016లో జారీ చేసిన 28వ నంబరు సర్క్యులర్ చెబుతుంది కనుక మనవాళ్లకు ఈ పద్ధతి మరీ కొత్తది కాదు.

బడిలో చేర్చిన రోజున అయ్యవారు వేసిన తేదీ ఒకటి, ఇంట్లో పుట్టినరోజు చేసుకునే తేదీ మరొకటి కావడం మన పెద్దల తరంలో మామూలే. రిటర్నులో రాయవలసింది పాస్‌పోర్టులోనూ సోషల్ సెక్యూరిటీ రికార్డులోనూ ఉన్న తేదీ. జాతకంలోని తేదీ ప్రకారం ముందే 65 నిండిందని గడిలో టిక్కు పెడితే రికార్డులతో పొసగదు.

పన్ను చట్టం ప్రకారం ఎవరిని అంధులుగా పరిగణిస్తారు? ఏమీ కనిపించకపోతేనేనా?

కాదు. ఎక్కువ కుటుంబాలు పొరబడేది ఇక్కడే. పూర్తిగా చూపు లేనివారికి అర్హత ఎలాగూ ఉంటుంది. వారితోపాటు, కళ్లద్దాలో కాంటాక్ట్ లెన్సులో పెట్టుకున్నా రెండు కళ్లలో మెరుగైన కంటితో 20/200 కంటే బాగా చూడలేనివారూ అర్హులే. మామూలు కంటికి 200 అడుగుల నుంచి కనిపించేది 20 అడుగుల దగ్గరికి వస్తేనే కనిపించడాన్ని 20/200 అంటారు. అంటే మెరుగైన కంటి చూపు సరిగ్గా 20/200 ఉన్నవారు కూడా ఇందులోకి వస్తారు. మన కంటి డాక్టర్లు మీటర్లలో రాస్తారు. ఇండియాలో రాయించుకున్న చీటీలో 6/60 అని ఉంటే అది 20/200తో సమానం.

రెండో కొలమానం చూపు విస్తీర్ణం. ఎదురుగా ఉన్నది కనిపిస్తున్నా, చుట్టూ కనిపించే మేర 20 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువకు కుదించుకుపోతే ఆ వ్యక్తి కూడా చట్టం దృష్టిలో అంధుడే. గ్లకోమా, రెటినైటిస్ పిగ్మెంటోసా (రెటీనా క్రమంగా దెబ్బతినే వ్యాధి) ఉన్నవారికి ఈ రెండో కొలమానం చాలా ముఖ్యం. వారు పేపరు చదవగలరు, ఎదురుగా కూర్చున్న మనిషిని పోల్చగలరు, కానీ పక్కనున్న కుర్చీ కనిపించక తగులుకుంటారు. పేపరు చదువుతున్న మనిషికి ఈ తగ్గింపు ఎలా వస్తుందని ఇంట్లోవాళ్లు అడగనే అడగరు. కంటి డాక్టరు చేసే ఫీల్డ్ టెస్టు నివేదిక తీసి చూస్తే జవాబు అందులోనే ఉంటుంది.

ఇండియాలో "లో విజన్" అని ధ్రువపత్రం ఇచ్చారు, అంధత్వం అని ఇవ్వలేదు. అయినా అర్హత ఉంటుందా?

ఉండవచ్చు. రెండు దేశాల కొలతలు వేరు. ఇండియాలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మెరుగైన కంటి చూపు 3/60 కంటే తక్కువ ఉన్నప్పుడు, లేదా చూపు విస్తీర్ణం 10 డిగ్రీల కంటే తక్కువ ఉన్నప్పుడు మాత్రమే అంధత్వం అంటుంది. దానికి పైన 6/18 వరకు లో విజన్ కింద ఉంచుతుంది. అమెరికా పన్ను చట్టపు హద్దు 6/60. కాబట్టి 6/60, 5/60, 4/60 చూపు ఉన్న వ్యక్తి ఇండియా పత్రం ప్రకారం లో విజన్ వర్గంలో ఉన్నా అమెరికా రిటర్నులో అంధత్వపు గడికి అర్హుడే. పత్రం మీది వర్గం పేరును బట్టి నిర్ణయించుకోకుండా లోపలి కొలతను చూడాలి. అదే విధంగా "40 శాతం", "75 శాతం" అని వైకల్యాన్ని శాతాల్లో చెప్పే పత్రం ఒక్కటే ఇక్కడ సరిపోదు. 20/200 లేదా 20 డిగ్రీల మాట స్పష్టంగా ఉన్న పత్రం కావాలి.

ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది బాగానే ఉంది. గడిలో టిక్కు పెట్టవచ్చా?

పెట్టకూడదు. కొలిచేది మెరుగైన కంటినే.

డాక్టరు పత్రంలో ఏముండాలి? దానిని రిటర్నుతో పంపాలా?

చూపు పూర్తిగా లేనివారికి ఈ పత్రం అక్కరలేదు. పాక్షికంగా ఉన్నవారు ఆఫ్తాల్మాలజిస్టు లేదా ఆప్టోమెట్రిస్టు నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. మెరుగైన కంటితో అద్దాలు పెట్టుకున్నా 20/200 కంటే బాగా చూడలేరనీ, లేదా చూపు విస్తీర్ణం 20 డిగ్రీలు మించదనీ అందులో రాసి ఉండాలి. ఈ స్థితి ఇక మెరుగుపడే అవకాశం లేదని డాక్టరు భావిస్తే ఆ వాక్యం కూడా తప్పక రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం ఉంటే ఏటేటా కొత్త పత్రం కోసం తిరిగే పని తప్పుతుంది.

పత్రాన్ని రిటర్నుతో పంపరు, ఇంట్లో భద్రపరచుకోవాలి. ఫెడరల్ పన్ను శాఖ అయిన ఐఆర్ఎస్ ఎప్పుడైనా అడిగితే చూపాలి. పెద్దవారి దగ్గర ఒక ప్రతి, రిటర్ను వేసిపెట్టే కొడుకు లేదా కూతురి దగ్గర ఒక ప్రతి ఉండటం మంచిది. ఇల్లు మారినప్పుడు ముందుగా పోయేవి ఇలాంటి కాగితాలే.

కాంటాక్ట్ లెన్సు పెడితే చూపు మెరుగవుతుంది, కానీ ఎక్కువసేపు పెట్టుకోలేరు. అప్పుడు?

నొప్పి, ఇన్ఫెక్షన్ లేదా కంటిలో పుండు వల్ల లెన్సును కాసేపు మాత్రమే పెట్టుకోగలిగి, ఆ లెన్సు తప్ప మరే విధంగానూ చూపు ఆ హద్దు దాటి మెరుగుపడనప్పుడు ఈ తగ్గింపు తీసుకోవచ్చు. చట్టం ఈ ఇబ్బందిని గుర్తించడం న్యాయంగా ఉంది.

శుక్లాల ఆపరేషన్‌తో చూపు తిరిగి వచ్చింది. ఆ ఏడాదికి వర్తిస్తుందా?

సంవత్సరం చివరి రోజున ఉన్న స్థితినే లెక్కలోకి తీసుకుంటారు. జూన్ దాకా చూపు 6/60 ఉండి, ఆపరేషన్ తర్వాత డిసెంబరు 31 నాటికి మెరుగుపడితే ఆ ఏడాదికి గడి పడదు. అటు నవంబరులో చూపు పోయి అలాగే ఉండిపోతే, ఏడాదిలో ఎక్కువ భాగం బాగానే చూసినా మొత్తం తగ్గింపు వస్తుంది.

65 దాటినవారికి 6,000 డాలర్ల కొత్త తగ్గింపు అంటున్నారు. అది ఇదేనా?

అది వేరు, ఇది వేరు. 2025 జులై 4న సంతకమైన చట్టం 2025 నుంచి 2028 వరకు నాలుగు పన్ను సంవత్సరాలకు, 65 నిండిన ఒక్కొక్కరికి గరిష్ఠంగా 6,000 డాలర్ల ప్రత్యేక తగ్గింపును ఇచ్చింది. పైన చెప్పిన 2,000 లేదా 1,600 డాలర్లు దానివల్ల పోవు, రెండూ తీసుకోవచ్చు. దీనిని షెడ్యూల్ 1-ఏలో లెక్కించి ఫారం 1040కి తేవాలి.

రెండింటి మధ్య తేడాలు గట్టిగానే ఉన్నాయి. మొదటిది ఆదాయం ఎంత ఉన్నా తగ్గదు. 6,000 డాలర్లది ఆదాయం పెరిగేకొద్దీ తగ్గుతుంది. మొదటిది స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికే. రెండోది ఖర్చులను విడివిడిగా చూపేవారికీ వస్తుంది. రెండోదానికి ఉద్యోగానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి, సోషల్ సెక్యూరిటీ నంబరు రానివారికి పన్ను కోసం ఇచ్చే ఐటిన్ నంబరు చాలదు. వివాహితులైతే ఉమ్మడి రిటర్ను వేయాలి. అంధత్వానికి ఈ కొత్త తగ్గింపులో ఏ వాటా లేదు. 60 ఏళ్లకే చూపు కోల్పోయినవారికి కొత్త చట్టం ప్రత్యేకంగా ఏమీ కలపలేదు. నా ఉద్దేశంలో ఇది పెద్ద లోటు, ఎందుకంటే మనిషి తోడు లేకుండా బయటికి వెళ్లలేని స్థితి ఖర్చును వయసు కంటే ఎక్కువగా పెంచుతుంది.

ఆ 6,000 ఎక్కడి నుంచి తగ్గడం మొదలవుతుంది?

ఒంటరివారికి సవరించిన ఆదాయం 75,000 డాలర్లు, ఉమ్మడిగా వేసే దంపతులకు 1,50,000 డాలర్లు దాటాక, దాటిన మొత్తంలో 6 శాతం చొప్పున తగ్గుతుంది. ఒంటరివారి ఆదాయం 95,000 అయితే దాటినది 20,000, అందులో 6 శాతం 1,200, మిగిలేది 4,800. దంపతులిద్దరికీ 65 దాటి ఆదాయం 1,90,000 అయితే దాటినది 40,000. ఒక్కొక్కరి 6,000లో 2,400 తగ్గి, ఇద్దరికీ కలిపి 7,200 మిగులుతుంది. ఒంటరివారికి 1,75,000 దగ్గర, దంపతులకు 2,50,000 దగ్గర అది పూర్తిగా పోతుంది. ఇల్లు అమ్మిన ఏడాది, ఐఆర్ఏ నుంచి పెద్ద మొత్తం తీసిన ఏడాది దీనిమీద ఒక కన్ను వేసి ఉంచాలి.

ఇక సోషల్ సెక్యూరిటీ మీద పన్ను లేనట్టేనా?

ఆ మాట సరికాదు. సోషల్ సెక్యూరిటీలో పన్ను పడే భాగాన్ని లెక్కించే నియమం మారలేదు. మిగతా ఆదాయానికి సోషల్ సెక్యూరిటీలో సగం కలిపినప్పుడు ఒంటరివారికి 25,000, దంపతులకు 32,000 డాలర్లు దాటితే కొంత భాగం, గరిష్ఠంగా 85 శాతం వరకు, ఆదాయంలోకి వస్తుంది. వయసు, అంధత్వాల తగ్గింపులన్నీ ఆ లెక్క అయిపోయిన తర్వాతే వస్తాయి. అందుకే అవి సోషల్ సెక్యూరిటీలో పన్ను పడే భాగాన్ని తగ్గించవు. ఆదాయాన్ని బట్టి పెరిగే మెడికేర్ ప్రీమియంనూ తగ్గించవు.

అయినా చాలామందికి చివరి పన్ను సున్నా అవుతుంది. దంపతులిద్దరికీ 65 దాటింది, సోషల్ సెక్యూరిటీ 40,000, ఐఆర్ఏ నుంచి తీసుకున్నది 30,000 డాలర్లు అనుకుందాం. సోషల్ సెక్యూరిటీలో ఆదాయంలోకి వచ్చేది 11,100, మొత్తం 41,100. మూల డిడక్షన్ 31,500 ఒక్కటే ఉంటే 9,600 మీద 10 శాతం చొప్పున సుమారు 960 డాలర్ల పన్ను పడేది. వయసు అదనం 3,200 కలిస్తే పన్ను పడే ఆదాయం 6,400కు, పన్ను సుమారు 640కి తగ్గుతుంది. కొత్త తగ్గింపు 12,000 కూడా కలిస్తే పన్నే ఉండదు.

ఖర్చులను విడివిడిగా చూపితే అంధత్వపు అదనం వస్తుందా?

రాదు. ఖర్చులను విడివిడిగా చూపే షెడ్యూల్ ఏ వేసేవారు స్టాండర్డ్ డిడక్షన్‌ను దాని అదనపు మొత్తాలతో సహా వదులుకున్నట్టే. కాబట్టి గృహ రుణంపై వడ్డీ, పరిమితి మేరకు రాష్ట్ర, స్థానిక పన్నులు, ఆదాయంలో 7.5 శాతం మించిన వైద్య ఖర్చులు, విరాళాలు కలిపి చూసి, అవి పెరిగిన స్టాండర్డ్ డిడక్షన్‌ను దాటితేనే అటు వెళ్లాలి. దంపతులిద్దరికీ 65 దాటితే పోల్చవలసిన అంకె 31,500 కాదు, 34,700. ఇంటి అప్పు తీరిపోయిన పెద్దవారిలో ఎక్కువమందికి స్టాండర్డ్ డిడక్షనే లాభం. విరాళాలు లెక్కించేటప్పుడు ఒక జాగ్రత్త: అమెరికాలో పన్ను మినహాయింపు గుర్తింపు పొందిన గుడికి ఇచ్చినది లెక్కకు వస్తుంది, తిరుమల హుండీలో వేసినది రాదు.

భార్యాభర్తలు వేర్వేరు రిటర్నులు వేస్తే?

ఒకరు ఖర్చులు విడివిడిగా చూపితే రెండోవారికి స్టాండర్డ్ డిడక్షన్ మొత్తంగా సున్నా అవుతుంది. వయసు, అంధత్వాల అదనమూ దానితోనే పోతుంది. ఇద్దరూ స్టాండర్డ్ తీసుకుంటే ఎవరి గడులు వారివే. అవతలివారికి స్థూల ఆదాయం ఏమీ లేకుండా, వారు రిటర్ను వేయకుండా, మరెవరి మీదా ఆధారపడినవారుగా చూపబడకుండా ఉంటేనే వారి గడులు మీరు వాడుకోవచ్చు.

ఏడాది మధ్యలో భర్త లేదా భార్య చనిపోతే?

ఆ ఏడాదికి ఉమ్మడి రిటర్ను వేయవచ్చు. చనిపోయినవారికి ఆనాటికి 65 నిండి ఉంటేనే వారి వయసు గడి పడుతుంది. 1960 ఫిబ్రవరి 14న పుట్టినవారు 2025 ఫిబ్రవరి 13న పోతే 65 నిండినట్టే, 12న పోతే నిండనట్టు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఈ ఒక్కరోజు లెక్క కఠినంగా తోచినా నియమం అలాగే ఉంది. మరుసటి ఏడాది నుంచి, ఇంట్లో ఆధారపడిన పిల్లలు లేనివారు సాధారణంగా ఒంటరివారుగానే వేయాలి. అప్పుడు మూల మొత్తం సగమవుతుంది, వయసు అదనం మాత్రం 1,600 బదులు 2,000 వస్తుంది.

అమ్మానాన్నలను డిపెండెంట్లుగా చూపుతున్నాను. వారి వయసు, చూపు నా డిడక్షన్‌ను పెంచుతాయా?

పెంచవు. గడులు రిటర్ను వేసే వ్యక్తికీ, భార్య లేదా భర్తకూ మాత్రమే. తల్లికి చూపు లేదని కొడుకు తన రిటర్నులో టిక్కు పెట్టడం తప్పు. డిపెండెంట్‌గా చూపినందుకు వచ్చేది 500 డాలర్ల క్రెడిట్ (పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం). పెళ్లికానివారైతే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అర్హత కూడా రావచ్చు. తల్లిదండ్రులు అమెరికా పౌరులో, పన్ను లెక్కలో అమెరికా నివాసులో కాకుండా ఇండియాలో ఉంటే, మీరు నెలనెలా ఎంత పంపినా వారిని డిపెండెంట్లుగా చూపలేరు.

ఆదాయ పరిమితి దగ్గర కూడా మనవాళ్లు తడబడతారు. 2025లో డిపెండెంట్ తల్లి లేదా తండ్రి స్థూల ఆదాయం 5,200 డాలర్ల కంటే తక్కువ ఉండాలి. ఇండియాలోని బ్యాంకు డిపాజిట్ల వడ్డీ, ఇంటి అద్దె ఇందులో చేరతాయి. అద్దెలో మరమ్మతులు, ఇంటి పన్ను తీసేయకుండా వచ్చిన మొత్తాన్నే చూడాలి. విజయవాడలోని ఇంటికి నెలకు 40,000 రూపాయల అద్దె వస్తే ఏడాదికి 4,80,000. 2025 మారకపు రేటులో అది పరిమితిని దాటిపోతుంది.

డిపెండెంట్‌గా ఉన్న తల్లి తన రిటర్ను తాను వేసుకోవలసి వస్తే?

ఆమె మూల డిడక్షన్ కుదించుకుపోతుంది. 1,350 డాలర్లు, లేదా సంపాదించిన జీతానికి 450 కలిపిన మొత్తం, ఈ రెండింటిలో పెద్దది వర్తిస్తుంది. దానిమీద వయసు, అంధత్వాల అదనం మాత్రం పూర్తిగా కలుస్తుంది. వడ్డీ ఆదాయం మాత్రమే ఉన్న, భర్త లేని 68 ఏళ్ల తల్లికి 1,350కి 2,000 కలిసి 3,350; చూపు కూడా లేకపోతే 5,350.

మా తల్లిదండ్రులు ఈ ఏడాదే గ్రీన్‌కార్డు మీద వచ్చారు. వారికి ఇది వర్తిస్తుందా?

ఏడాదిలో కొంతకాలం నాన్‌రెసిడెంట్‌గా, మిగతా కాలం రెసిడెంట్‌గా ఉన్నవారికి సాధారణంగా స్టాండర్డ్ డిడక్షనే లేదు, కనుక అదనమూ లేదు. దంపతులు ఏడాది చివరికి ఇద్దరూ రెసిడెంట్లయి ఉంటే, ఏడాది మొత్తానికీ రెసిడెంట్లుగా పరిగణించమని ఎంచుకుని ఉమ్మడి రిటర్ను వేయవచ్చు. అప్పుడు వయసు, చూపు గడులన్నీ పనిచేస్తాయి. బదులుగా జనవరి నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా, అంటే ఇండియాలో స్థలం అమ్మిన లాభంతో సహా, చూపాలి. ఒంటరిగా వచ్చిన తల్లికి లేదా తండ్రికి ఈ ఎంపిక లేదు. విజిటర్ వీసా మీద కొన్ని నెలలు ఉండి వెళ్లేవారు నాన్‌రెసిడెంట్లుగా ఉన్నంతకాలం ఈ తగ్గింపులు వారికి వర్తించవు.

నా ఆదాయం డిడక్షన్ కంటే తక్కువ. రిటర్ను వేయనవసరం లేదు కదా?

వయసు విషయంలో అది నిజమే: 65 దాటిన ఒంటరివారికి ఆదాయం 17,750 డాలర్ల లోపు, ఇద్దరికీ 65 దాటిన దంపతులకు 34,700 లోపు ఉంటే సాధారణంగా దాఖలు తప్పనిసరి కాదు. అంధత్వపు అదనం మాత్రం, ఎవరి మీదా ఆధారపడనివారి విషయంలో, ఈ హద్దును పెంచదు. 60 ఏళ్ల అంధుడికి 16,500 డాలర్ల ఆదాయం ఉంటే పన్ను సున్నా అవుతుంది, అయినా హద్దు 15,750 కాబట్టి రిటర్ను వేయాలి. 6,000 డాలర్ల తగ్గింపు కూడా ఈ హద్దును మార్చదు.

వయసును, అంధత్వాన్ని ఒకేచోట ఎందుకు పెట్టారు?

అంధులకు 500 డాలర్ల ప్రత్యేక తగ్గింపు 1943 రెవెన్యూ చట్టంతో వచ్చింది. 1948లో దానిని 600 డాలర్ల వ్యక్తిగత మినహాయింపుగా మార్చి, 65 నిండినవారికీ అదే ఇచ్చారు. 1986 పన్ను సంస్కరణ చట్టం ఆ మినహాయింపులను తీసేసి, వాటి స్థానంలో ఇప్పుడున్న అదనపు స్టాండర్డ్ డిడక్షన్‌ను పెట్టింది.

రాష్ట్ర పన్నులోనూ ఇలాగే ఉంటుందా?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్, ఫ్లోరిడాలలో వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు. న్యూజెర్సీలో స్టాండర్డ్ డిడక్షన్ లేకపోయినా 65 నిండినందుకు 1,000 డాలర్లు, అంధత్వానికి లేదా వైకల్యానికి మరో 1,000 డాలర్ల మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా దీనిని క్రెడిట్ల రూపంలో ఇస్తుంది.

ఇన్నేళ్లూ అంధత్వపు గడి వదిలేశాము. ఇప్పుడు ఏం చేయాలి?

ఫారం 1040-ఎక్స్‌తో పాత రిటర్నును సవరించవచ్చు. అసలు రిటర్ను దాఖలు చేసిన నాటి నుంచి 3 ఏళ్లలోపు, లేదా పన్ను కట్టిన నాటి నుంచి 2 ఏళ్లలోపు, ఏది తర్వాత వస్తే ఆలోగా పంపాలి. గడువుకు ముందే వేసిన రిటర్నుకు గడువు తేదీ నుంచే లెక్క. ఆయా ఏళ్ల డిసెంబరు 31 నాటికి చూపు ఎంత ఉందో చూపే పాత కంటి నివేదికలు దీనికి కావాలి కాబట్టి, ముందుగా వైద్యం చేసిన కంటి డాక్టరును పాత రికార్డులు అడగండి. 12 శాతం శ్లాబులో ఉన్న ఒంటరి వ్యక్తికి 2,000 డాలర్ల అదనం విలువ ఏడాదికి 240 డాలర్లు; మూడేళ్లది కలిస్తే చిన్న మొత్తమేమీ కాదు.

కాగితాలు చదవలేని పెద్దవారు ఐఆర్ఎస్ ఉత్తరాలను ఎలా చదువుకోవాలి?

ఫారం 9000 నింపి పంపితే ఐఆర్ఎస్ తన నోటీసులను పెద్ద అక్షరాల్లో, బ్రెయిల్‌లో, ఆడియోలో లేదా ఎలక్ట్రానిక్ రూపంలో పంపుతుంది. రిటర్నుకు కూడా 65 దాటినవారి కోసం పెద్ద అక్షరాలతో ఫారం 1040-ఎస్ఆర్ ఉంది. అందులో స్టాండర్డ్ డిడక్షన్ పట్టిక ఫారంతోపాటే ఉంటుంది. 60 దాటినవారికి టీసీఈ (పెద్దవారికి పన్ను సలహా) పథకం కింద, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు అనేక ఊళ్లలోని లైబ్రరీలలోనూ కమ్యూనిటీ సెంటర్లలోనూ వాలంటీర్లు ఉచితంగా రిటర్ను వేసిపెడతారు. వెళ్లేటప్పుడు నిరుటి రిటర్ను, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఆదాయ పత్రాలతోపాటు కంటి డాక్టరు ఇచ్చిన పత్రాన్ని కూడా పట్టుకెళ్లి, చూపు గడి సంగతి మీరే ముందుగా చెప్పండి.